రూటు రద్దు

కిటికీ చెక్క కింద వెంట్రుక పట్టేంత చీలిక.
అక్కణ్ణించే మొదలు.
సింకు అంచు మీదుగా, గ్యాసు గొట్టం పక్కనుంచి,
మాతే ఆకు డబ్బాని ఓ చుట్టు చుట్టి
మెంబ్రియో పండు తాండ్ర మీదికి
నల్లగా, సన్నగా, తెగకుండా
చీమల బారు.

మందు కొట్టమంది కింది వాటా నీదియా.
డబ్బా కూడా తనే తెచ్చింది. దాని మీద పుర్రె బొమ్మ.
అరవై తొమ్మిదేళ్ళొచ్చాక
వంటింట్లో పుర్రె బొమ్మలెందుకని
తిరిగిచ్చేశాను.

ఫార్మసీ ఎల్బియో ముదురు గాజు సీసా ఇచ్చాడు,
నా చిటికెన వేలంత.
"పిప్పర్‌మెంట్ నూనె, దెల్మిరా.
గ్లాసుడు నీళ్ళకి పదిహేను చుక్కలు చాలు.
నూనే నీళ్ళూ ఎక్కడ కలుస్తాయి,
కొట్టే ముందు ప్రతిసారీ బాగా కుదుపు.
పిల్లి ఉందిగా నీకు? ఆ గదిలోకి రానీకు,
వాటికిది పడదు."
"చస్తాయా?" అన్నాను.
"పిల్లులా?"
"చీమలయ్యా."
"చావవు. దారి మరిచిపోతాయి."

ముందు నడిచిన చీమ నేల మీద వాసన రాసిపోతుందట.
వెనకది చదువుకుంటూ వస్తుందట.
ఆ రాత చెరిపి, పైన ఇంకో వాసన పూయడం.
అంతే మన పని.

మోరోని పడగ్గదిలో పెట్టి తలుపేశాను.
లోపల్నుంచి అది తిట్టే తిట్లు వింటూ
వెనిగర్ గుడ్డతో గట్టంతా తుడిచి
సీసా కుదిపి కొట్టాను.
బిళ్ళ బుగ్గన పెట్టుకుని గాలి పీల్చినట్టు
వంటిల్లంతా ఒక్కసారిగా చల్లన.
కళ్ళు మండాయి.

బారు తెగింది.
ముందున్నది టక్కున ఆగింది. వెనకది వచ్చి దాన్ని గుద్దుకుంది.
మీసాలు పైకెత్తి అటూ ఇటూ.
ఒకటి వెనక్కి, మూడు గోడ మీదికి.
ఒక్కటి మాత్రం ఉన్నచోటే గుండ్రంగా గుండ్రంగా,
నోట్లో పంచదార పలుకు వదలకుండా.

దాన్ని చూస్తూ స్టూలు మీద కూలబడ్డాను.

ముప్పై ఒక్కేళ్ళు బస్సు కండక్టర్ని నేను.
సెర్రో కొండ దగ్గర్నుంచి పోసితోస్ బీచి దాకా
యాభై రెండు స్టాపులు.
కళ్ళు మూసినా తెలిసేది:
తోళ్ళ గోదాము కంపు కొడితే ఏడోది,
రొట్టె కాలే వాసనైతే పద్దెనిమిదోది,
ఉప్పుగాలి ముక్కుకి తగిలిందా,
చిల్లర లెక్క చూసుకునే వేళ.

ఓ మంగళవారం డిపో గోడకి కాగితం అంటించారు.
రూటు రద్దు.
ఇక మీదట టికెట్లు యంత్రమే ఇస్తుంది.

నన్నెవరూ చంపలేదు.
మర్నాడు తెల్లారి నాలుగింటికి యూనిఫాం తొడుక్కుని
గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను,
భుజాన చిల్లర సంచి,
కుడికా ఎడమకా తెలీక.

ఆ కోటు అల్మారాలో ఇప్పటికీ ఉంది.
పురుగు పట్టకుండా జేబులో లావెండర్ చుక్కేసిన దూది.
మూడు నెలలకోసారి దూది మారుస్తాను.
వేసుకునేది లేదు.

నాలుగు రోజులకి పిప్పర్‌మెంట్ ఘాటు పలచబడింది.
మళ్ళీ కొట్టాను. మళ్ళీ పలచబడింది.
సీసా సగమయింది.
చీమలకున్నంత జ్ఞాపకం ఈ నూనెకి లేదు.

గురువారం రాత్రి, కిటికీ అవతల గట్టు మీద,
జాడీ మూతలో తాండ్ర తునకొకటి పెట్టాను.
ఎల్బియోకి చెప్పలేదు.
నీదియాకి అసలే చెప్పను.

ఈ పొద్దున ఒకత్తె వచ్చింది.
చీలిక దగ్గర ఆగి, లోపలి ఘాటుకి మీసం విదిల్చి,
కాసేపు ఆలోచించి
బయటి గట్టు వైపు తిరిగింది.
మధ్యాహ్నానికి దాని వెనక ఇంకొకత్తె,
దాని వెనక మరొకత్తె.

మాతే గొట్టం నోట్లోంచి తీసి
ఎన్నేళ్ళకో ఆ గొంతు పెట్టాను:
"జరగండమ్మా, ముందుకి జరగండి,
వెనక స్టాపులో ఇంకా జనం ఉన్నారు."