పదమూడు వేల ఆరు వందల నలభై

పది నుంచి పంతొమ్మిది దాక
తెలుగుల అంకెలన్ని 'ప'తోనే మొదలైతయని
ఎవ్వలన్న గమనించిన్రో లేదో,
నాకు మాత్రం ఎక్కాలు చదివిన నాటి నుంచి ఎరుకే.
పెదవులు రెండు మూసుకుంటయి, తెరుచుకోవు.
లోపల గాలి నిలబడి తలుపు కొడుతుంటది.

ఇగ దొరికిన కొలువేమో
మిర్యాలగూడల, సాగర్ రోడ్డు మీద,
లారీల కాంటా కాడ రాత్రి డ్యూటీ.
వడ్లేసుకొచ్చే డీసీఎంలు
పది టన్నులకు తగ్గవు, ఇరవైకి ఎక్కవు.
కిటికీల తల పెట్టి "ఎంతొచ్చింది?" అంటరు.
నేను ప అని ఆగుత.
వెనక లారీ హారన్ కొడతది.
చీటీ చింపి చేతుల పెడితే
చదువు రానోళ్లు దాన్ని తిప్పి తిప్పి చూసి
మల్ల నా మొఖమే చూస్తరు.

అందుకని చేసిన.
ప్లైవుడ్ ముక్క, రెండు పసుప్పచ్చ మోటర్లు,
అరచేతంత బోర్డు, గోరంత ఎంపీత్రీ మాడ్యూలు,
పాత టార్చి రేడియోల నుంచి పీకిన స్పీకరు.
బల్ల మీంచి కిటికీ దాక చీటీ మోసుకపోవాలె,
పోయి, నా బదులు చెప్పాలె.

తెలుగు లెక్క బోర్డుకు నేర్పుడు అల్కటి పని కాదు.
వంద వేరు, వందల వేరు, నూట వేరు.
వెనక ఏమన్న ఉంటే 'వేలు' కాస్త 'వేల' అయితది.
ముక్కకో ఫైలు, ఫైలుకో నంబరు.
కోడ్ పని వారం దినాలల్ల ఒడిసింది.
గొంతు పనే మిగిలింది.

నెట్టుల ఒక ఆడామె గొంతు దొరుకుతది,
"పదిహేను" అంటే వార్తలు చదివినట్టుంటది.
వడ్ల బండి కాడ ఎవ్వలు నమ్ముతరు ఆ తూకం?
నాదే పెడదామని ఫోన్ల రికార్డింగ్ ఒత్తి కూసున్న.
తెల్లారేదాంక పదకొండు కాడనే ఉన్న.

మరునాడు మిల్లుల బస్తాలు దించుతున్నరు.
హమాలి మేస్త్రి జానయ్య
అడుగుకో అంకె పాడుతుండు:
లాభం... రెండు... మూడు...
గింజల కాడ ఒకటి అనరు, లాభమే అంటరు.
పక్కపొంటి నడుసుకుంట నేను గూడ అన్న.
పది వచ్చింది, పోయింది.
పదకొండు, పన్నెండు
నడిచే కాలు మీద ఎక్కి దిగిపోయినయి.
ఫోన్ జేబుల ఉండె, రికార్డింగ్ ఆన్ల ఉండె.

ఆ ముక్కలనే కోసి కార్డుల ఎక్కించిన.
చెవి పెట్టి వింటే అంకె వెనక
బస్తా పడ్డ దబ్బు చప్పుడు సగం తెగి ఉంటది.
ఉండనీ.
ఒకటో ఫైలుల లాభమే ఉంది.
కాంటా ఐదు కిలోల లెక్కన చూపిస్తది గనుక
తూకంల అది ఎన్నడు పలుకది.
పొద్దుగూకి స్విచ్చేసినప్పుడు ఒక్కసారి, టెస్టుకు.

మొదటి దినం లచ్చిరాం నాయక్ బండి.
పదమూడు వేల ఆరు వందల నలభై.
రోబో కదిలింది, నోరు తెరిచింది:
ప ప ప ప
లచ్చిరాం కిందికంట నవ్విండు.
"నువ్వు జేస్తే నీ లెక్కనే ఉంటది గద!"

మోటర్ తిరిగినప్పుడల్ల కరెంటు గుంజుకుంటది,
గొంతుకు చాలది, బోర్డు పడి లేస్తది,
లేసి మల్ల మొదటి అక్షరం కాడికే వస్తది.
టీవీలు బాగుచేసే గౌసుద్దీన్ భాయ్
చూడకుండనే చెప్పిండు: కెపాసిటర్ పెట్టు,
జరంత కరెంటు కడుపుల దాసుకుంటది,
తక్కువ పడ్డప్పుడు ఇస్తది.
పన్నెండు రూపాయలు.

పన్నెండు రూపాయలు!
సోల్డర్ ఆరినంక గూడ
చానసేపు దాన్నే చూసుకుంట కూసున్న.

ఇప్పుడు గడగడ చెప్తది.
లచ్చిరాం వారానికి రెండుసార్లొస్తడు.
తూకం వింటడు, చీటీ అందుకుంటడు,
అటెన్క నా దిక్కు తిరిగి
"ఎంతొచ్చిందే?" అని మల్ల అడుగుతడు.
అడిగి, బీడీ ముట్టించుకుంటడు.
వెనక లారోడు హారన్ కొడ్తనే ఉంటడు.