నలభై ఏడో గడి

కుమాసిలో ఒక మెథడిస్టు బడి, మేడమీద గది.
పన్నెండుమందిమి, అందరమూ ఊరి రేడియోల వాళ్లమే.
పొద్దున్నే చావు కబుర్లు చదివి
మధ్యాహ్నం కోకో ధర చెప్పి
సాయంత్రం ఫుట్‌బాల్ తగువులు తీర్చే గొంతులం.
చూడడం మాకెవరూ నేర్పలేదు.

సెలార్మ్ గోడ మీద మా నదిని పరిచాడు.
ఎనిమిదివందల కిలోమీటర్ల పైనుంచి ఒఫిన్.
"ఇదేం రంగు?" అన్నాడు.
"నీళ్ల రంగు" అన్నాడు వెనక బల్ల నుంచి ఎబో.
ఎవరూ నవ్వలేదు.
మావైపు నీళ్ల రంగంటే పాలెక్కువైన టీ.
మా అమ్మాయి బొమ్మల పుస్తకంలో
నదికి ఆ క్రేయానే వాడుతుంది, ఎవరూ చెప్పకుండానే.

"ఒక్కో చుక్కా పది మీటర్లు.
గొయ్యి ఆనుతుంది. గుట్ట ఆనుతుంది.
మనిషి ఆనడు, మనిషి చేసింది ఆనుతుంది."
అది రాసుకుని
ఎందుకో కింద రెండు గీతలు గీశాను.

తర్వాత మిషన్‌కి చదువు చెప్పడం.
అడవిని గళ్లుగా కోసి తలా రెండువందలు పంచారు.
గని అయితే ఒకటి నొక్కాలి, కాకపోతే సున్నా,
బియ్యంలో రాళ్లేరినట్టు.
చేపల చెరువు, సున్నా.
ఇటుకల మట్టి తవ్విన గొయ్యి, సున్నా.
మిషన్ మాత్రం దాన్ని గనే అంటోంది
తొంభై ఒక్క శాతం నమ్మకంతో.
"నమ్మకం దానిది, పూచీ మీది" అన్నాడు సెలార్మ్.
అంతలో కరెంటు పోయింది.
జనరేటర్ దగ్గి దగ్గి లేచేదాకా
నీళ్ల ప్యాకెట్ల మూలలు కొరుక్కుంటూ కూర్చున్నాం.

నలభై ఏడో గడి.
నది కుడిచేతివైపు తిరిగే మెలిక.
తెల్లటి చుక్క, అది బడి రేకుల కప్పు.
దాని వెనక మా తాత నాటిన కోకో తోట.
ఫిబ్రవరిలో ముదురాకుపచ్చ.
ఏప్రిల్లో మబ్బు.
మేలో కూడా మబ్బే.
జూన్‌లో మబ్బు తొలిగితే
పదకొండు పచ్చటి గుంటలు
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, అమ్మవారు పోసినట్టు.

జూన్‌లోనే కదా పాన్యిన్ మోటార్‌సైకిల్ కొన్నాడు.
నాకంటే పావుగంట ముందు ఈ లోకం చూసినవాడు.
డబ్బెక్కడిదని అడిగితే
"తోటకి తెగులొచ్చింది, కాక్రా" అన్నాడు.
అడిగిందానికి అది జవాబు కాదని
అప్పుడు తట్టలేదు.
మొన్న ఆ బండి మీదే నన్ను బస్సు దగ్గర దించాడు.
చొక్కా నిండా డీజిల్ వాసన.
పెట్రోలు బండికి డీజిల్ వాసనేమిటని
అదీ తట్టలేదు.

ఒకటా, సున్నానా.
మూడో మీట కూడా ఉంది, 'తెలియదు' అని.
తెలిసే దాన్ని నొక్కాను.

సాయంత్రం సెలార్మ్ 'తెలియదు' గళ్లన్నీ గోడకెక్కించాడు.
"వీటికి మిషన్ పనికిరాదు, కాళ్లు కావాలి.
ఎవరు వెళ్తారు?"
ఎబో చెప్పుల వంక చూసుకున్నాడు.
నా చెయ్యి నన్నడక్కుండా లేచింది.

శనివారం. చాంగ్‌ఫాన్ రాళ్లు నమిలే చప్పుడు
బడి ఇంకా కనిపించకముందే వినిపించింది.
గుంట ఒడ్డున కోకో వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి.
నడుంలోతు నీళ్లలో పాన్యిన్,
పాదరసం సీసా దగ్గుమందు సీసాలా పట్టుకుని.
తలెత్తాడు. దాచలేదు.
"తిన్నావా?" అన్నాడు.
"తిన్నాను."
"రేడియోలో చెబుతావా?"
మెడలో రికార్డర్ ఉంది, నొక్కలేదు ఇంకా.
"నువ్వు చెబుతావేమో అడుగుదామని వచ్చా.
మిషన్ ఎవరిదో, బంగారం కొనేదెవరో."

చాలాసేపు మాట్లాడలేదు.
సీసా మూత బిగించి, ఒడ్డున పెట్టి,
చెయ్యి చాచాడు, పైకి లాగమని.

ఐదు రోజులకోసారి ఉపగ్రహం ఇటు దాటుతుందట.
ఆ వేళకి దాటే ఉంటే
మేమిద్దరం ఒకే చుక్కలో ఉండి ఉంటాం,
ఆనకుండా.

సోమవారం నలభై ఏడో గడి మళ్లీ తెరిచాను.
ఒకటి నొక్కాను.