ఇరవై ఏడో స్లైడు

కరెంటు పోయింది.
మైక్రోస్కోపు కింది అద్దాన్ని
కిటికీ వైపు తిప్పుకోమన్నారు రూతమ్మ మేడమ్.
గుంటూరు ఎండ, మార్చి నెలది,
బల్ల మీద ఉత్తినే పడి ఉన్నది కాస్తా
లేచి, గొట్టంలోంచి నా కంట్లో పడింది.

ముందు కొవ్వు.
అన్నీ ఖాళీ గూళ్లు. గోడలు మాత్రం మిగిలాయి.
స్లైడు చేసేటప్పుడు జైలీన్‌లో కొవ్వంతా కరిగిపోతుందట.
ఎవరు తిన్న నెయ్యో, ఎన్నేళ్లదో,
ఇప్పుడు కనపడేది దాని జాగా.
పక్క బల్ల దగ్గర హిమజ
గాలిబుడగని కణం అనుకుని
శ్రద్ధగా గులాబీ పెన్సిల్‌తో దిద్దుతోంది.
నేను చెప్పలేదు.

తర్వాత మృదులాస్థి. గుంటకి ఇద్దరేసి కణాలు,
అలిగినట్టు వీపులానించుకుని.
కండరానికి అడ్డచారలు:
మంగళగిరి మగ్గం మీద పోగులెంచినట్టు
లెక్కపెట్టబోయి ఓడిపోయాను.

ఇరవై ఏడు పెట్టాను.
లేబుల్ మీద సిరా వెలిసింది. దళసరి చర్మం, అరికాలు.
పైపొర ఎంతకీ అవ్వదు.
పొర మీద పొర, పొర మీద పొర,
కణాలు చచ్చి, చదునై, గట్టిపడి,
మిగతా చర్మానికి చోటే లేదు.

"ఇంత మందమా!" అన్నాను.
రంగు సీసాలు తుడుస్తున్న జాన్‌సైదా తలెత్తలేదు.
"నేను కోసిందే. బ్లేడు రెండుసార్లు జారింది.
యార్డు నుంచొచ్చిన శవం. టిక్కీలు మోసేవాడంట.
చెప్పులేసుకుంటే బరువు మీద కాలు జారుద్దని..."
మూతలు లెక్క చూసుకున్నాడు.
"పేరు?"
"పేరెవరికి తెలుసమ్మా. నంబరుంది."

మళ్లీ వంగాను.
అన్ని చచ్చిన పొరల్ని చీల్చుకుంటూ
సన్నటి దారొకటి, మెలికలు మెలికలుగా,
పైకి.
పైకంటే, అరికాలు కదా, నేల వైపుకి.
అడుగున గ్రంథి దగ్గర బయల్దేరిన చెమట
ఇంకా నేలకి చేరలేదు.
గాజుకీ గాజుకీ మధ్య
ఏదో మలుపులో ఉంది,
నేను పుట్టక ముందు నుంచీ.

ఇంతలో గాలి తిరిగింది.
యార్డు ఘాటొచ్చి క్లాసంతా తుమ్మింది.

రికార్డులో ఐదు పొరలూ వేశాను.
గీతలు లాగి పేర్లు పెట్టాను.
ఆ మెలికల దారి కూడా వేశాను గానీ
దాని ఎదురుగా ఏం రాయాలో
చాలాసేపు తోచక వదిలేశాను.

రూతమ్మ మేడమ్ ఎర్ర ఇంకు:
"చెమట నాళం గుర్తించలేదు."
అర మార్కు పోయింది.