ఊదాచేప

ప్రకాశం బజార్ల, తాళ్ల కొట్టు పక్క సందుల
ఖలీలన్న దుకాణం.
వలలు, తంగూసు ఉండలు, దుమ్ము పట్టిన సీసం గుండ్లు.
అద్దాల బల్ల కింద మాత్రం
ఈ మధ్యనే దిగిన రబ్బరు చేపలు, రబ్బరు కప్పలు,
పెండ్లికి తయారైనట్టు.

సోమికి బల్ల అందదు.
ఎత్తుకున్న.
ముక్కు అద్దానికి ఆనిచ్చి చూసింది,
ఆమె ఊపిరికి ఒక్కో చేప మసకబారి
మళ్ల తేలింది.

నేను చెప్పిన:
వాన పడ్డది, ఉదయసముద్రం నీళ్లు చాయ రంగుకు తిరిగినయ్,
గసోంటి నీళ్లల్ల కొర్రమట్టకు నల్ల కప్పే కనబడతది.
ఎండ కాస్తే తెల్లది. ఆకుల నడుమ పచ్చది.
ఇరవై ఏండ్ల సంది మోటార్లకు తీగె చుట్టిన చేతులివి,
ఏ మోటారుకు ఎన్ని చుట్లో మర్చిపోవు;
ఇదీ అసోంటి లెక్కే అనుకున్న.

ఆమె లెక్క వేరే.
"నల్లది నన్ను చూస్తలేదు.
పచ్చది నవ్వుతున్నది, దానికేం.
మూలకు చూడు నాయినా,
అది ఒక్కతే ఉన్నది."

ధర చీటీ ఊడిపోయిన ఊదారంగు చేప.
పొట్ట మీద మెరుపు పొడి.
కండ్లు ఒకటి పైకి, ఒకటి కిందికి.
"మూడేండ్ల సంది పడున్నది భాయ్," నవ్విండు ఖలీలన్న,
"ఊదాచేపను ఏ చేప చూసింది?"

దానికి ఎనభై. నల్ల కప్పకు నూటిరవై.
రెండూ కొన్న,
నల్లది అంగి జేబుల, ఆమెకు చెప్పకుంట.

ఇంటికాడ పట్టుకారుతోని
ఊదాదాని పొట్ట కింది మూడు ముండ్లు ఊడదీసిన.
"నొప్పి అయితదా?"
కాదన్న.
"నీకెట్ల తెలుసు?"

మా నాయిన బతికున్న కప్పను
దారంతోని గాలానికి కుట్టేటోడు.
బతికుంటెనే ఈదుతదనేటోడు.
పట్టి ఇచ్చేది నేనే.
కుట్టేటప్పుడు మొకం కట్ట దిక్కు తిప్పుకునేటోణ్ణి,
రాత్రి కూర మాత్రం రెండుసార్లు పోసుకునేటోణ్ణి.
ఇది సోమికి చెప్పలే.

పానగల్లు కట్ట, తూటికాడ పొద పక్క.
ఆమె వెదురు కట్టెకు నాలుగు గజాల తంగూసు,
కొసకు ముండ్లు లేని ఊదాచేప.
నా గాలానికి నల్ల కప్ప.
"ఇది ఎక్కడిది?"
"జేబుల దొరికింది."
నమ్మింది. నాలుగేండ్లకు నమ్ముతరు.

పదిసార్లు ఇసిరిన. ముప్పై.
కప్ప నీళ్ల మీద టపటప కొట్టుకుంట వచ్చుడే,
ఎన్క ఎవరూ రాలే.
ఆమె ఒడ్డు అంచుకే నడుస్తున్నది
మేకపిల్లను తోలుకపోయినట్టు,
"ఇటు రా, అటు లోతున్నది" అని దానికి చెప్పుకుంట.

నీళ్లు పగిలినయ్.
మూరెడు నల్ల ఈపు, ఒక్కసారే.
కట్టె వంగింది, సోమి కూలబడ్డది,
చెయ్యి మాత్రం ఇడ్వలే.
నేను ఉరికేలోపల
తంగూసు వదులైంది.

ఒక్క ముల్లన్న ఉంచాల్సింది, ఒక్కటి,
కిలోన్నరకు తక్కువ లేదు
అని లోపల ఎవరో అంటున్నరు.
మా నాయిన గొంతే అది.

ఊదాచేప తేలుకుంట ఒడ్డుకొచ్చింది.
ఈపు మీద రంగు లేచి, సూదులతోని గీకినట్టు
రెండు వరుసల పంటి గాట్లు.
సోమి ఏడువలే.
వేలు పెట్టి లెక్కపెట్టింది.
ఆమెకు తొమ్మిది దాకనే వస్తయ్,
తొమ్మిది కాడ ఆగి మళ్ల ఒకటి నుంచి.

"దీన్ని చూసింది నాయినా, చేప."
"చూసింది బిడ్డా."

తిరిగొచ్చేటప్పుడు బండి ట్యాంకు మీద కూసోని
మందుల దుకాణం కాడ ఆపుమన్నది.
పట్టీ రెండు రూపాయలు.
తడి ఒంటికి అతుకలే.
గౌను అంచుతోని తుడిచి, ఊది, మళ్ల అతికించింది.

వచ్చే ఐతారం గాలానికి ఏం కట్టాలెనో నాకు తెల్వదు.
నల్ల కప్ప మళ్ల జేబుల్నే ఉన్నది;
అంగి ఉతుకుతానికి తీసినప్పుడు
వాళ్లమ్మ అడుగుతది.