నాలుగు బారల లోతు

ఈ చేప పేరు సాఫీ.
మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది నాకు.
వెన్ను మీది ముల్లు గుచ్చుకుంటే
మోచేతి దాకా మంట,
రెండు రోజులు తాడు పట్టలేవు.
దానికా పేరు!

సిత్రా ఒడ్డున
నొఖాదా మక్కీ పడవ.
ఇరవై అడుగుల ఫైబరు, ఒకే ఇంజను.
ఆ ఇంజను నా పెళ్ళి కంటే పాతది.
ముగ్గురం ఎక్కుతాం:
మక్కీ, నేను, బరిశాల్ నుంచి వచ్చిన రుస్తుం.
ముగ్గురికీ సరిగ్గా వచ్చిన మాట ఒకటే,
తాడు లాగేటప్పుడు గొంతులోంచి ఊడిపడే ఆ కేక.

తీగ పంజరాన్ని ఇక్కడ గర్గూరు అంటారు.
బోర్లించిన గంపలా ఉంటుంది.
దూరేటప్పుడు దారి వెడల్పు,
లోపలికెళ్ళి వెనక్కి చూస్తే ఇరుకు.
అల్లడం రెండు రోజుల్లో వచ్చేసింది.
నా వీసాదీ అదే అల్లిక మరి.

మక్కీ సముద్రాన్ని గురుతులతో చదువుతాడు.
ఖర్జూరపు తోపు, దాని వెనక నీళ్ళ ట్యాంకు
రెండూ ఒక గీత మీదికొస్తే
అక్కడ దించు.
మా అయ్యా అంతే.
మహేంద్రగిరి బుజం మీద
బారువ దీపస్తంభం కూర్చున్న చోట
తెడ్డు ఆపేవాడు.

ఇప్పుడు తోపు లేదు.
ట్యాంకుకి అడ్డంగా అద్దాల మేడలు లేచాయి,
పొద్దున్నే ఎండని మా కళ్ళల్లోకే తిప్పి కొడతాయి.
తేలుడు డబ్బాలు కడదామా అంటే
రాత్రికి రాత్రి ఎవరో కోసుకుపోతారు.

నిన్న పన్నెండు పంజరాలు దొరకలేదు.
కొక్కెం వేసి మధ్యాహ్నం దాకా గీశాం అడుగంతా.
నాచు వచ్చింది, చెప్పు వచ్చింది,
సిమెంటు సంచీ వచ్చింది.
పంజరాలు రాలేదు.

దొరకని పంజరం పని మానదు.
దూరిన చేప చస్తుంది.
దాని వాసనకి ఇంకోటి దూరుతుంది.
ఎవరి కూటిలోకీ రాని వేట,
ఏ లెక్కలోకీ ఎక్కని వేట.

లెక్కంటే గుర్తొచ్చింది.
ఏప్రిల్లో మా ఊళ్ళో వేట నిషేధం.
భృతికి పేర్లు రాసుకోడానికి
సచివాలయం కుర్రాడు వచ్చాడట.
"మనిషేడీ?"
"సముద్రం మీదున్నాడు బాబూ," అంది దాలమ్మ.
"ఏ సముద్రం?"
"ఉప్పుదే."
నవ్వాడట. నవ్వుతూనే
మైలపల్లి దానేసు అన్న పేరు కొట్టేశాడట.

ఇక్కడి కార్డులో నేను వేటగాణ్ణి కాను,
సాధారణ కూలీని.
రెండు సముద్రాల మీదా వేటాడి
ఒక్క కాగితంలో కూడా చేపలు పట్టలేకపోయాను.

పోనీ మక్కీకి మాత్రం ఏం ఒరిగింది?
లారీలొచ్చి ఇసుక పోసి
వాళ్ళ నాన్న వేట నీళ్ళు పూడ్చేశాయి.
ఏడుసార్లు తిరిగాడు ఆఫీసుకి.
లైసెన్సు మీ నాన్న పేరు మీదుంది, ఆయన లేడు అన్నారు.
ఆ చోటు కూడా ఇప్పుడు లేదు కదా,
లేని చోటులో నష్టం ఎలా కొలుస్తాం అన్నారు.
ఎనిమిదోసారి పోలేదు.
ఆ రోజు డీజిలుకి అప్పు అడగడానికి
బావమరిది ఇంటికి పోయాడు.

జీతం నాకు రెండు నెలలు బాకీ.
అడిగితే సంచీ నిండా సాఫీలు ఇచ్చాడు,
తల దించుకుని.
అడగకుండా ఉండాల్సింది.

గురువారం ఐసు కోసం పికప్‌లో పోతున్నాం.
కొత్త రోడ్డు, కొత్త రౌండెబౌటు.
మధ్యలో పచ్చగడ్డి, ఊదా పూలు,
గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్మే గొట్టం.
మక్కీ ఉన్నట్టుండి బండి ఆపేశాడు.
వెనక కార్లు హారన్లు.
దిగి, గడ్డి కేసి వేలు చూపించాడు.
రెండు చేతులూ బార్లా చాపాడు.
దించాడు. మళ్ళీ చాపాడు.
నాలుగుసార్లు.

అరబ్బీలో ఏదో అంటున్నాడు గానీ
నాకు మాటలతో పని లేదు.
మా ఊళ్ళోనూ లోతు అలాగే కొలుస్తారు.

నీళ్ళ గొట్టం తిరిగొచ్చి
అతని చొక్కా తడిపింది.
ఎక్కి గేరు వేశాడు.
నాలుగింటికి ఐసు ఫ్యాక్టరీ మూసేస్తారు.