బాకీ బొమ్మలు

నా బీరువా కింది అరలో
చెప్పుల డబ్బా ఒకటుంది.
రాని పిల్లల బొమ్మలు అందులో ఉంటాయి,
ఇంకా గీయనివి.
కాగితం మూలన పేరూ తేదీ మాత్రం నా చేతిరాత.

లెక్కల సారుకు తేలిక.
పక్కోడి నోట్సు చూసి ఎక్కించుకోరా అంటే సరి.
తడి కాగితం మీద నీలం ఒలికి
దానంతటదే మొగిలి కనుమ అయిపోయిన శుక్రవారాన్ని
ఎవరి నోట్సులోంచి ఎక్కించను?

చెంగల్రాయుడి లీవు లెటర్లో ఎప్పుడూ జ్వరమే.
నాలుగోసారికి ఇంటికే పోయి చూశాను.
అబద్ధం కాదు.
జ్వరం పట్టుపురుగులకి.
తట్టల్లో తలలెత్తి, మేత ముట్టకుండా,
కుబుసం విడిచేదాకా అట్లాగే ఉన్నాయి.
జ్వరం దిగినాక వాటి ఆకలికి
రేయీ పగలూ ఎవరో ఒకరు మల్బరీ ఆకు కొయ్యాల.
వాడికి కూజా బొమ్మ మాఫీ చేశాను.
చేసినట్టు ఎవరికీ చెప్పలేదు.

ఢిల్లీరాణిది వేరే లెక్క.
మామిడి మండీ తెరిస్తే
ఆ పిల్లకు బడి మూసుకుంటుంది.
జూన్‌లో మూడు, జులైలో ఆరు,
తొమ్మిది కాగితాలు డబ్బాలో.
హెడ్మాస్టరు మార్కులెక్కించమంటాడు,
కంప్యూటరు ఖాళీ గడిని ఒప్పుకోదట.

శనివారం మధ్యాహ్నం ఉండమన్నాను. బస్సు లేదంది.
కాగితం ఇంటికి పంపాను.
దాని వెనక వాళ్ళమ్మ క్రేట్ల లెక్క రాసుకునింది:
నలభైరెండు, ముప్పైఎనిమిది,
అది కొట్టేసి ముప్పైఆరు.
కోపమొచ్చింది.
తర్వాత ఆ కొట్టివేతనే చూస్తా కూచున్నాను.
మా క్లాసులో అంత తెగించి గీత గీసేవాళ్ళు లేరు.

ఆగస్టులో ఒకరోజు వచ్చింది.
సొన కాల్చిన వేళ్ళు, మణికట్టు దాకా మచ్చలు.
"తొమ్మిదిట్లో ఏది ముందు సా?"
పది గళ్ళు గీసి ఇచ్చాను,
లేతనుంచి ముదురుకు గడికొక మెట్టు.
మిగతా వాళ్ళకు మూడు పీరియడ్లు పట్టింది,
అయినా నాలుగో గడికీ ఐదో గడికీ తేడా తెలీలేదు.

పెన్సిలు పక్కన పెట్టి
మైనం రంగులు అడిగింది.
పచ్చి.
పచ్చిలోంచి పసరు కొంచెం పోయింది.
దోర. దోరకు అటుపక్క.
తొడిమ దగ్గర మాత్రం మాగింది...
బెల్లు కొట్టేలోగా తొమ్మిది గళ్ళు.
పదోది ఖాళీ.

"ఇదేంది?"
"అది కుళ్ళు సా. పెట్టెలో పెట్టనీరు."

తొమ్మిది బాకీలకు తొమ్మిది గళ్ళని
కంప్యూటరుకు సరిపెట్టేశాను.
నాకే సరిపోలేదు.
ఆ పిల్ల చూడని కూజా, అద్దం, గొడుగు నీడ
ఇంకా డబ్బాలోనే ఉన్నాయి.

ఆ వారమే నీలం మళ్ళీ చెబుదామని
బకెట్టుతో నీళ్ళు తెచ్చి పెట్టుకున్నా.
శుక్రవారం ఢిల్లీరాణి రాలేదు.
నీలం కాయ కోతంట.

ఒక కాగితం తడిపి
ఆమె బల్ల మీద పరిచాను.
ఆరిపోయింది.
ఇంకోటి తడిపాను.