బంతి లేని ఆట

మిషను రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లోనే ఉంది,
గాజు పగిలి, ఒక కాలి కింద ఇటుకతో.
దాని బుర్ర ఒక్కటే విప్పి
తువ్వాలులో చుట్టి సైకిలు మీద తెచ్చుకున్నా.
గుంతకల్లు ఎండలో
ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో అది,
జొరమొచ్చిన బిడ్డను ఆస్పత్రికి తీసకపోయినట్టు.

వంటింటి ఎనక తాడిపత్రి బండే నా బల్ల.
ముప్పై ఏండ్లు సిగ్నళ్ల కింద పనిచేసినోణ్ణి,
దీపం అబద్ధం చెప్తే ఏమైతాదో తెలుసు.
అందుకే ముందు కరెంటు ఇయ్యను.
ముందు చూస్తా.
తర్వాత వాసన చూస్తా.

బ్యాటరీ కారింది.
చిలుము పచ్చగా పాకి
దారమంత రాగి గీతల్ని నాలుగింటిని తినేసింది.
"నిమ్మచెక్క ఉంటే ఇయ్యి" అంటే
హంపమ్మ చారులోకి సగం పిండిన చెక్క ఇచ్చింది.
పాత పండ్ల బ్రష్షుతో తోమితే
బుసబుసా నురగై లేచింది.

ఆ బ్యాటరీ ఇన్నాళ్లూ కాపలా కాసింది పేర్లకు.
గార్డు రెజినాల్డుది అన్నిటికంటే పైన,
మూడు అక్షరాలు, పందొమ్మిదేండ్లు ఎవడూ దించలేదు.
డ్యూటీ దిగి, జెండాలు చంకలోనే పెట్టుకొని ఆడేటోడు.
నడుముతో తోసేటోడు,
మిషను అలిగేలోపల ఆపేటోడు.
పోయిన వానాకాలం రెజినాల్డు పోయినాడు.
పేరు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

సిరీసులో నూరు క్యాండిళ్ల బల్బు కట్టి ప్లగ్గు దూర్చినా.
బల్బు భగ్గుమంటే లోపల యాడో షార్టు.
భగ్గుమంది.
రెండు దినాలు ఆ షార్టు ఎంట తిరిగినా.
ఉబ్బిన కెపాసిటర్‌ను అనుమానించి పీకితే, పాపం, అది మంచిదే.
దాని పక్కన బుద్ధిగా కూచున్న డయోడు దొంగ.
ఇల్లంతా గుగ్గిలం పొగ.
మూడో దినం సాయంత్రం
బల్బు ఎర్రగా ఒక్కసారి కన్ను తెరిచి మూసుకుంది.
మీటరు ముల్లు ఐదు కాడ నిలబడింది.
నేనూ నిలబడినా, ఊరికే.

ఇక్కడ కాయిళ్లు లేవు కదా, వాటి బదులు
ఆటో ఇండికేటర్ బల్బులు ఎనిమిది.
స్విచ్చులు లేవు, ఉత్త వైర్ల కొనలు.
రెండు కొనలు తాకిస్తే
బంతి తగిలిందనుకుంటాది బోర్డు.
పది.
మళ్లా తాకిస్తే, ఇరవై.
యాడ బంతి అని అడగదు.

హంపమ్మ విత్తనం కాయలు ఒలుస్తా చూస్తా ఉంది.
"ఊరికే తాకిస్తే లెక్కేస్తాదా?"
"ఏస్తాది."
"ఇట్ల ఇయ్యి."
చేట పక్కన పెట్టి చేతులు దులుపుకొని వైరు పట్టుకుంది.
ఏ కొన ఏందో ఆమెకు తెలీదు,
కోళ్లకు గింజలేసినట్టు
దేనికీ తక్కువ చెయ్యకుండా తాకిస్తా పోయింది.
ఐదు వేలు. ఇరవై వేలు.
స్టేషన్లో ఏదో బండి లేటని చెప్పే గొంతు
గోడ దాటి వచ్చి ఆగింది. ఆమె ఆగలేదు.
ఒకసారి తప్పు కొన తగిలి అంతా ఆరిపోయింది.
"సంపినానా?"
"లేదు. కుదిపినావు అనుకుంది."

లక్ష దాటినాక ఆట అయిపోయి
మిణుకుమిణుకుమంటా పేరు అడిగింది.
ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు.
ఒక్కొక్కటే తిప్పి చూపించినా.
గాజు మాదిరిది ఒకటి కావాలంది.
దబ్బనం ఒకటి.
మూడోదానికి చానాసేపు చూసి
"ఈ కొక్కెం" అంది.

అన్నిటికంటే పైన, రెజినాల్డు ఉన్న తావున,
గాజు, దబ్బనం, కొక్కెం.
నాకు కొంచెం కష్టమే అనిపించింది.
చెప్పలేదు.
కొత్త బ్యాటరీ పట్టి పెట్టుకుంటాదా లేదా
ప్లగ్గు పీకి చూడల్ల.
చెయ్యి పోలేదు.

అంతలో కరెంటోళ్లే పీకినారు.
వీధి మొత్తం చీకటి,
ఫ్యాను రెక్కలు ఒకటొకటిగా లెక్కకొచ్చినాయి.
కాయల పొట్టు మీద కాలు మోపిన చప్పుడు,
ఆమె గొంతు బండ దగ్గరికొచ్చి,
"ఉంటాదంటావా?"